గారడీ పెద్దాయన గుట్టు మావాడే నలుగురిలో చెప్పేశాడు. టీవీలు, ఫోన్లు వీళ్ళ పొట్ట కొట్టాయా?

గంటస్తంభం_గోపి
మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పండగకి, సిరిమాను ముందు రోజు, అంటే తోలేళ్ళ రోజు సాయంత్రం పిల్లల్ని తీసుకుని కోట వైపు వెళ్ళాం. మూడు లాంతర్ల కూడలికి ఇవతల ఒక మూల గారడీ చేసే పెద్దాయన కూర్చున్నాడు, పక్కన పదీ పదకొండేళ్ళ మనవరాలు డోలు వాయిస్తోంది. ఇలాంటిది చూసి పదిహేనేళ్ళు దాటింది కదా అని ఆగిపోయాను. ఆయన ముందు పాత గుడ్డ, దాని మీద మూడు ఇత్తడి గిన్నెలు, ఒక ఎముక, ఒక బుట్ట. అవేవీ ముట్టుకోలేదు. ఎర్ర రుమాలు తీసి గుప్పిట్లో దూర్చి, ఊది, గుప్పిట తెరిచి చూపించాడు. రుమాలు లేదు. జనం నోరు తెరిచేలోపే మా పెద్దాడు, ఆరో తరగతి, "బొటనవేలికి ప్లాస్టిక్ వేలు తొడుక్కున్నాడు నాన్నా, రుమాలు అందులో ఉంది" అని గట్టిగా అరిచేశాడు.

ఆయన నవ్వి ఏదో మాట కలిపాడు గానీ పక్కనున్న ఇంకో ముగ్గురు గుంటలు అందుకున్నారు, వేలు చూపించు వేలు చూపించు అని. ఒకడైతే ఫోన్ పట్టుకుని ఆయన వీపు వెనక్కి వెళ్ళి వీడియో తీస్తున్నాడు. రెండు నిమిషాల్లో గుంపు పలచబడిపోయింది. గుడ్డ మీద నాలుగైదు పది రూపాయల నోట్లు, కొంత చిల్లర. నేను వంద వేశాను. అది ఆటకి ఇచ్చినట్టు లేదు, జరిమానా కట్టినట్టుంది.

మావాడు ఇవన్నీ టీవీలోనూ ఫోన్‌లోనూ చూసి నేర్చుకున్నవే. నా చిన్నప్పుడు ఇదే ఊళ్ళో గారడీ వాళ్ళు వస్తే సైకిలు దిగి మరీ నిలబడేవారు. టీవీలే వీళ్ళని ముంచాయా, లేక నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా? మావాడి నోరు నొక్కేయాల్సిందా?

పెద్దచెరువు_కప్ప
మీవాడికి సీబీఐలో ఉద్యోగం ఖాయం. మీరు మాత్రం ఇంట్లో ఏదీ దాచకండి.

నాగావళి_ఒడ్డున
టీవీయే, అనుమానమే లేదు. 1997లో అమెరికాలో ఫాక్స్ చానల్ వాళ్ళు ఒక మెజీషియన్‌కి ముసుగు వేసి కూర్చోబెట్టి, పెద్ద పెద్ద ట్రిక్కులన్నీ ఎలా చేస్తారో విప్పి చూపించారు. పెట్టెలో మనిషిని కోయడం, గాల్లో తేలడం అన్నీ. చివరికి ముసుగు తీసి తన పేరు వాల్ వాలెంటినో అని చెప్పుకున్నాడు. పాతవి చెప్పేస్తే మెజీషియన్లు కొత్తవి కనిపెడతారని ఆయన వాదన. కోట్లు పెట్టి స్టేజీ కట్టేవాళ్ళు కనిపెడతారు, సరే. మూడు గిన్నెలు, ఒక బుట్ట ఉన్నవాడు ఏం కనిపెడతాడు? మా శ్రీకాకుళంలో ఏడు రోడ్ల దగ్గర గారడీ ఆగిపోయి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు కూడా లేదు.

సాలూరు_లారీ
ఏడు రోడ్ల దగ్గర గారడీ ఆగడానికి టీవీ ఎందుకు, అక్కడ మనిషి నిలబడితే ఆటో ఎక్కేస్తుంది మీదకి.

పేకముక్క
నేను ఒప్పుకోను. పుట్టినరోజులకి, స్కూల్ వార్షికోత్సవాలకి మేజిక్ చేసి నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నాను, బొబ్బిలి నుంచి ఇచ్ఛాపురం దాకా తిరుగుతాను. నన్ను ఈ పనిలోకి దింపింది టీవీయే. అమెరికా మెజీషియన్ డేవిడ్ బ్లెయిన్ 1997లో ఒక ప్రోగ్రాం చేశాడు, స్టేజీ లేదు, కోటు లేదు, వీధిలో నడుస్తూ పోయేవాళ్ళని ఆపి పేకముక్క తీయమంటాడు. అంతకు ముందు టీవీ మేజిక్ అంటే కెమెరా మెజీషియన్ చేతుల మీద ఉండేది. బ్లెయిన్ దాన్ని తిప్పి చూసేవాళ్ళ ముఖాల మీద పెట్టాడు. వాళ్ళు కేకలు వేసి పరిగెత్తడమే అక్కడ షో. ఆ సీడీ నేను అరిగిపోయేదాకా చూశాను.

తమాషా ఏంటంటే మన గారడీ వాళ్ళు వందల ఏళ్ళుగా చేసిందే వీధి మేజిక్ అని పేరు పెట్టి మనకే తిరిగి అమ్మారు. అది వేరే గొడవ.

నష్టం లేదని అనను. బుకింగ్‌కి ఫోన్ చేసేవాళ్ళు మొదట అడిగే మాట, "గాల్లోకి లేస్తారా అండీ?" రెండో మాట, "నీళ్ళ మీద నడుస్తారా?" మూడు వేలకి. డైనమో అనే ఇంగ్లండు మెజీషియన్ 2011లో థేమ్స్ నది మీద నడిచినట్టు టీవీలో చూపించాక ఈ రెండో ప్రశ్న మొదలైంది. నాగావళిలో ఎండాకాలం అయితే నేనూ నడుస్తాను అని చెబుతుంటాను, నీళ్ళుండవు కాబట్టి.

కెమెరా_కన్ను
పేకముక్క గారు అసలు విషయం దాటేశారు. నేను పెళ్ళి వీడియోలు తీస్తాను, ఎడిటింగ్ కూడా నేనే. కెమెరా స్టాండు మీద కదలకుండా పెట్టి, మీ మావయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, ఆపి, ఆయన్ని లేపేసి, మళ్ళీ తీస్తే ఆయన మాయం. పది నిమిషాల పని. దీన్ని చూసి పిల్లలు మేజిక్ అనుకుంటున్నారు.

బ్లెయిన్ గాల్లో లేచింది కూడా అంతే కదా. వీధిలో వాళ్ళకి చూపించింది పాత ట్రిక్కు, ఒక పక్క నుంచి మాత్రమే నాలుగు అంగుళాలు లేచినట్టు కనబడుతుంది, చూసేవాళ్ళు సరిగ్గా ఆయన చెప్పిన చోటే నిలబడాలి. టీవీకి మాత్రం తీగ కట్టి ఇంకా ఎత్తుకి లేచిన షాటు విడిగా తీసి, వీధి వాళ్ళ కేకల పక్కన అతికించారు. కేకలు నిజమే, వాళ్ళు చూసింది ఒకటి, మనం చూసింది ఇంకొకటి.

ఇప్పుడు గోపి గారు చెప్పిన పెద్దాయన్ని చూడండి. చుట్టూ జనం, వెనక కూడా జనం, కట్ లేదు, రెండో టేకు లేదు. పైగా వెనక ఒక కుర్రాడు ఫోన్ పెట్టి తర్వాత స్లో మోషన్‌లో చూస్తాడు. ఒకే కన్ను కోసం చేసే పనిని, వంద కళ్ళ మధ్య చేసే పనితో పోల్చి మార్కులు వేస్తున్నాం. నా వృత్తి వాడిగా చెప్తున్నాను, మా వాళ్ళ వల్లే వాళ్ళు దెబ్బతిన్నారు.

పెద్దచెరువు_కప్ప
మా మావయ్యని మాయం చేయడానికి ఎంత తీసుకుంటారు? అడ్వాన్సు ఇస్తాను.

మాస్టారు_చీపురుపల్లి
రిటైరై చాలా కాలమైంది, మా కాలం సంగతి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

1960ల్లో మా ఊరికి గారడీ వాడు వచ్చాడంటే ముందు డమరుకం వినబడేది. రచ్చబండ దగ్గర కర్రతో నేల మీద గుండ్రంగా గీత గీసేవాడు, పిల్లలు గీత మీద కూర్చోవాలి. ఒక కుర్రాణ్ణి పడుకోబెట్టి దుప్పటి కప్పేవాడు. "ఒరే బుడ్డోడా, వచ్చినావా?" "వచ్చినాను." "ఈ తాత జేబులో ఏటుంది?" "చుట్ట." జనం ఘొల్లున నవ్వేవారు. ఇసుక తీసి చక్కెర చేసేవాడు, నోట్లోంచి ఇనప గుండ్లు తీసేవాడు, మామిడి టెంక పాతి గుడ్డ కప్పి మొక్క మొలిపించేవాడు. చివరి ఘట్టానికి ముందు ఆపేసి చెప్పేవాడు, ఇప్పుడు ఎవడైనా గీత దాటి పోయాడో ఇంటికెళ్ళేలోపు రక్తం కక్కుతాడు అని. నేను ఒకసారి పాసుకి పోవాల్సి వచ్చి ఏడుస్తూ కూర్చున్నాను, కదల్లేదు.

అప్పుడు సంచిలోంచి తాయెత్తులు తీసేవాడు. అదీ అసలు వ్యాపారం. గారడీకి వేసేది పిడికెడు బియ్యం, అర్ధణా. తాయెత్తుకి రూపాయి. అంటే ఆట జనాన్ని పోగేయడానికి, రాబడి భయం మీద. ఆ భయాన్ని తీసింది టీవీ కాదు నాయనా, మా బడి. ఇంకా చెప్పాలంటే నేనే.

1990ల్లో సైన్సు ప్రచారం చేసేవాళ్ళతో కలిసి ఊరూరా తిరిగి మహిమల గుట్టు విప్పే కార్యక్రమాలు చేశాం. నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించేవాణ్ణి. నోరు తడిగా ఉంటుంది, వేడి తగిలేలోపు మూసేస్తే గాలి అందక ఆరిపోతుంది, అంతే. వేళ్ళ సందున ఉండ పెట్టి విభూతి రాల్చేవాణ్ణి. మా గురి దొంగ బాబాల మీద. కానీ సభ అయ్యాక ఒక ఊళ్ళో కుర్రాళ్ళు సంతలో గారడీ ముసలాయన దగ్గరికి పోయి "మాస్టారు మాకు అన్నీ చెప్పేశారు" అని అల్లరి చేశారని తర్వాత తెలిసింది. ఆయన తాయెత్తులు కూడా అమ్మేవాడు కాదు. ఇది ఇన్నాళ్ళూ ఎక్కడా చెప్పలేదు.

తప్పెటగుళ్ళు
మాస్టారూ, మీరు ఒప్పుకున్నందుకు దండం, కానీ కోపం కూడా వస్తోంది. బాబా నాకు దేవుడు శక్తి ఇచ్చాడు అంటాడు. గారడీ వాడు ఆట మొదట్లోనే కనికట్టు బాబూ, పొట్ట కోసం అంటాడు. ఒకడు మోసం, ఒకడు ఆట. రెండింటినీ ఒకే తాటికి కట్టి గుట్టు విప్పారు. మా నాన్న తప్పెటగుళ్ళ బృందంలో ఆడేవాడు, మా ఆటలో దాచడానికి గుట్టు లేదు కాబట్టి బతికిపోయాం, ప్రభుత్వ సభలకైనా పిలుస్తారు. గారడీ వాణ్ణి ఏ సభకి పిలిచారో ఎవరైనా చెప్పండి.

మాస్టారు_చీపురుపల్లి
ఆ తేడా చెప్పాల్సింది, చెప్పలేదు. రక్తం కక్కుతావు అని పిల్లల్ని బెదిరించినవాణ్ణి మాత్రం ఇప్పటికీ వెనకేసుకురాను.

ఉద్దానం_పిల్ల
అందరూ "మా చిన్నప్పుడు నిలబడి చూసేవాళ్ళం" అంటుంటే ఒక మాట చెప్పాలనిపించింది. నేను నిలబడలేదు. కవిటి దగ్గర మా ఊళ్ళో గారడీ వచ్చిందంటే ముందు వరస మగపిల్లలది, వెనక మగవాళ్ళు, అరుగుల మీద ఆడవాళ్ళు. పెద్దమనిషి అయ్యాక అరుగు కూడా లేదు, కిటికీయే. డోలు వినబడేది, నవ్వులు వినబడేవి, ఏం జరిగిందో తమ్ముడు వచ్చి చెప్పేవాడు, వాడు సగం కల్పించేవాడు. వాడు చెప్పినదాని ప్రకారం ఒకాయన మేకని మింగేశాడు.

నేను మొట్టమొదట మేజిక్ కళ్ళారా చూసింది పక్కింటి టీవీలోనే, దూరదర్శన్‌లో, తలపాగా పెట్టుకున్న ఆయన ఖాళీ చెంబులోంచి మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోస్తున్నాడు. చేతులు అంత దగ్గరగా చూడటం అదే మొదలు. నాకు టీవీ ఏదో తీసుకుపోయిందంటే గొంతు దిగదు. మీ గుంపులో నాకు చోటు ఎప్పుడుందని?

పైగా ఇప్పుడు అమ్మాయిలు చేస్తున్నారు. సుహానీ షా మనసులో మాట చెప్పేస్తుంటే మా అమ్మ నోరెళ్ళబెట్టి చూస్తుంది, యూట్యూబ్‌లో.

నాగావళి_ఒడ్డున
ఉద్దానం గారి పోస్టు చదివాక నా మొదటి పోస్టులో "అనుమానమే లేదు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కొంచెం అనుమానం ఉంది.

పెద్దచెరువు_కప్ప
మేక సంగతి తేలేదాకా నేను ఈ చర్చ వదలను.

రాజాం_రాజు
టీవీ కంటే ముందే ఈ గొడవ ఉంది, ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెప్తాను. గాల్లోకి విసిరిన తాడు నిటారుగా నిలబడటం, కుర్రాడు ఎక్కి మాయమవడం, భారతీయ తాడు గారడీ అని ప్రపంచమంతా తెలుసు కదా. అది ఆ రూపంలో అంత పేరు తెచ్చుకుంది 1890లో చికాగో ట్రిబ్యూన్ అనే పేపర్లో వచ్చిన ఒక కథనంతో. ఇద్దరు అమెరికా వాళ్ళు ఇండియాలో చూశామని, ఒకడు బొమ్మ గీస్తే ఇంకొకడు ఫొటో తీశాడని, ఫొటోలో తాడూ లేదు కుర్రాడూ లేడని రాశారు. కొన్ని నెలలకి పేపరే అది కల్పన అని ఒప్పుకుంది. ఎవడు పట్టించుకున్నాడు? 1934లో లండన్ మెజీషియన్ల సంఘం వాళ్ళు ఆరుబయట చేసి చూపిస్తే 500 గినీలు ఇస్తామన్నారు, ఎవరూ పట్టుకుపోలేదు. అంటే అప్పటినుంచీ మన వీధి గారడీ వాణ్ణి కనబడ్డ ప్రతి దొరా "తాడు చెయ్యి" అని అడగడమే. పేకముక్క గారిని గాల్లోకి లేస్తారా అని అడిగినట్టే. పేపర్ వాడు చేసిన గారడీకి వీధి వాడు జవాబు చెప్పుకోవాలి.

ఇంకో పక్క కూడా ఉంది. 1956 ఏప్రిల్ 9న మన బెంగాలీ మెజీషియన్ పి.సి. సర్కార్ బీబీసీ టీవీ కార్యక్రమం పనోరమాలో అమ్మాయిని రంపంతో రెండుగా కోశాడు. కోశాక చేయి పట్టి పిలిచాడు, ఉలుకూ పలుకూ లేదు. ముఖం మీద గుడ్డ కప్పేశాడు. అంతలో యాంకర్ ముందుకొచ్చి ఇంతటితో సమాప్తం అన్నాడు. అమ్మాయి చచ్చిపోయిందనుకుని బీబీసీకి ఫోన్లే ఫోన్లు. ఆ తర్వాత లండన్ థియేటర్లో ఆయన షో టికెట్లు మొత్తం అమ్ముడుపోయాయి. టీవీ వల్ల ప్రత్యక్షంగా చూసేవాళ్ళు పెరిగారు, తగ్గలేదు. కాకపోతే సర్కార్‌కి వెనక థియేటర్ ఉంది, టికెట్ కౌంటర్ ఉంది. వీధి వాడికి ఉన్నది గుడ్డ ముక్క.

తప్పెటగుళ్ళు
సర్కార్ గారి పేరు ఎత్తారు కాబట్టి, ఆయన కొడుకు 2000లో తాజ్ మహల్ మాయం చేసినప్పుడు మా ఊళ్ళో ఒక తాత "మన ఈవో గారు రోడ్డు డబ్బు మాయం చేసినట్టేనా" అన్నాడు.

పెద్దచెరువు_కప్ప
రాజు గారూ, కోడి రామ్మూర్తి గారు ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకున్న సంగతి కూడా కల్పనే అంటారా? ఆచి తూచి జవాబు చెప్పండి, వీరఘట్టం వాళ్ళు చదువుతున్నారు.

రాజాం_రాజు
అది నిజం. నేను రాజాంలో బతకాలి కదా.

సాలూరు_లారీ
మీరంతా టీవీ టీవీ అంటున్నారు, నేను రాయగడ మీదుగా రాయపూర్ లైను తిరుగుతాను. ఒడిశా పక్క సంతల్లో గారడీ వాళ్ళు ఇప్పటికీ కనబడతారు, జనం నిలబడే చూస్తారు. వాళ్ళ దగ్గర ఫోన్లు లేవా? అందరి చేతుల్లోనూ ఉన్నాయి. సంత రోజు వాళ్ళకి పని లేదు, మేక అమ్ముడుపోయేదాకా కూర్చోవాలి, కాబట్టి చూస్తారు. విజయనగరంలో బజారుకొచ్చినవాడికి బండి నో పార్కింగ్‌లో ఉంటుంది. నిలబడే టైమే పోయింది.

ఇంకోటి, మా చిన్నప్పుడు సగం మందికి గుంపు పోగయ్యేదే పాము బుట్ట వల్ల. పాము, ముంగిస ఇదిగో ఇదిగో అని గంట లాగి, అవి కొట్టుకోకుండానే ఆట అయిపోయేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మెల్లగా అవీ పోయాయి. మంచికే అనుకోండి, పాము పళ్ళు పీకేసేవారు. కానీ ఆ బుట్ట పోయాక ఆ స్థానంలో ఏం పెట్టాలో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

చిల్లర సంగతి కూడా చూడండి. నా జేబులో పది రూపాయల నోటు ఉండి ఎన్నాళ్ళయిందో. టీ కూడా ఫోన్‌లోనే కడుతున్నాం. గుడ్డ మీద ఏం వేస్తాం? ఆయన స్కానర్ పెట్టుకోవాల్సిందే.

కెమెరా_కన్ను
స్కానర్ పెడితే "డబ్బులు వచ్చాయి" అని స్పీకర్ అరుస్తుంది, దుప్పటి కింద బుడ్డోడి పని అదే చేసేస్తుంది.

పేకముక్క
లారీ అన్నయ్య మాటకి చిన్న చేర్పు. బొంబాయి రాష్ట్రం 1959లో భిక్షాటన నిరోధక చట్టం చేసింది. అందులో అడుక్కోవడం అంటే ఏమిటో చెప్పేచోట పాట పాడటం, నాట్యం, జాతకం చెప్పడం, ప్రదర్శన ఇవ్వడం కూడా కలిపేశారు. ఢిల్లీలోనూ అదే నడిచింది. 2018లో ఢిల్లీ హైకోర్టు అక్కడివరకు చాలా సెక్షన్లు కొట్టేసింది. అంటే అరవై ఏళ్ళు కాగితం మీద గారడీ వాడూ బిచ్చగాడూ ఒకటే. ఇలాంటిచోట టీవీ ఒక్కదాన్నే తిట్టి ఏం లాభం? నన్ను పిలిచినవాళ్ళు కుర్చీ వేసి కాఫీ ఇస్తారు, నేను చేసేది ఆ పెద్దాయన చేసేదాంట్లో పావు వంతు. నాకు విజిటింగ్ కార్డు ఉంది, అదే తేడా.

గంటస్తంభం_గోపి
ఇంత మంది రాస్తారనుకోలేదు. నిన్న రాత్రి మావాడితో మాట్లాడాను. తిట్టలేదు, ఎందుకు అరిచావురా అని అడిగాను అంతే. వాడు చెప్పిన జవాబుకి నాకు నిద్ర పట్టలేదు. "టీవీలో చేసినప్పుడు కూడా నేను ఇలాగే అరుస్తాను కదా నాన్నా, వాళ్ళకి వినపడదు కదా" అన్నాడు.

అంటే వాడికి ఆయన కూడా తెర మీద మనిషే. తను చెప్పింది ఎదుటివాడికి తగులుతుందని వాడి బుర్రలో లేదు. ఆ తర్వాత వాడే అడిగాడు, "ఆయనకి వినపడిందా?" అని. వినపడిందిరా అన్నాను. అన్నం సగంలో లేచిపోయాడు. మా ఆవిడ నన్ను తిట్టింది, పండగ పూట పిల్లాణ్ణి ఏడిపించావని.

ఉద్దానం_పిల్ల
వాడిని ఓదార్చండి పాపం. మీ వంద రూపాయల కంటే వాడు సగంలో లేచిన అన్నం ఎక్కువ.

మాస్టారు_చీపురుపల్లి
గోపి గారూ, గుట్టు అరిచే పిల్లాడు టీవీతో పుట్టలేదు. మా రోజుల్లోనూ ఉండేవాడు, ప్రతి ఊళ్ళో ఒకడు. గట్టి గారడీ వాడు అలాంటివాడి కోసం ఎదురు చూసేవాడు. "ఓలబ్బో, ఈ బాబుకి అన్నీ తెలిసిపోనాయి, ఇలా రా బాబూ" అని మధ్యలోకి పిలిచి, వాడి చెవిలోంచి గుడ్డు తీసేవాడు, చొక్కాలోంచి ఇంకోటి. "కోడి పెట్టలేదు గానీ వీడు పెట్టేశాడు" అంటే ఊరంతా వారం రోజులు వాణ్ణి ఏడిపించేది. ఆ పెద్దాయన అలా ఎందుకు చేయలేదో నాకు అంతుబట్టడం లేదు. వయసైపోయిందా, ఒంట్లో బాగోలేదా?

పేకముక్క
ఆ ప్లాస్టిక్ వేలు ఆయన విద్య కాదు మాస్టారూ, అందుకే తేలిపోయాడు. అది పిల్లల మేజిక్ పెట్టెల్లో వచ్చేది, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది. గోపి గారి మొదటి పోస్టు మళ్ళీ చదవండి, ముందు మూడు ఇత్తడి గిన్నెలు ఉన్నాయి, ముట్టుకోలేదు అన్నారు. ఆయన సొంత విద్య ఆ గిన్నెలది. గోపి గారూ, వాటి నెత్తి మీద గుండీలాంటి బుడిపె ఉందా? ఉంటే అవి మన దేశపు గిన్నెలు. బుడిపెని వేళ్ళ సందున పట్టుకుని ఎత్తుతారు, గుడ్డతో చేసిన చిన్న ఉండలు వాడతారు, నేల మీద గొంతుక్కూర్చుని చేస్తారు. బల్ల మీద చేసే దొరల గిన్నెలకి బుడిపె ఉండదు, ఒకదాంట్లో ఒకటి దూరతాయి. నేను పదేళ్ళుగా ఆ దొరల పద్ధతే సాధన చేస్తున్నాను, మన పద్ధతి చేయి తిరగదు నాకు.

గంటస్తంభం_గోపి
బుడిపె ఉంది! నేను గంట అనుకున్నాను.

తప్పెటగుళ్ళు
బుడితి ఇత్తడి అయ్యుంటుంది. మా సారవకోట పక్కనే బుడితి, ఆ పనివాళ్ళ చేతిలో పోతపోసినది అయితే తాత చేతి నుంచి మనవడి దాకా వస్తుంది.

సాలూరు_లారీ
డోలు వాయించే పిల్ల, ఇత్తడి గిన్నెలు అంటే నాకు ఒకాయన గుర్తొస్తున్నాడు. మానాపురం సంతలో పశువుల పక్కన, టీ బడ్డీ ఎదురుగా కూర్చుంటాడు. ఆయనే అని చెప్పలేను గానీ వెళ్ళి చూడండి. పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నానికి సంత విడిపోతుంది.

గంటస్తంభం_గోపి
మూడు వారాలకి వస్తున్నాను, తిట్టకండి. మానాపురం వెళ్ళాం, నేనూ మావాడూ. మొదటిసారి ఆయన లేడు. రెండోసారి ఉన్నాడు, ఆయనే. మావాడు నా వెనక దాక్కున్నాడు. ఆయన గుర్తుపట్టేశాడు, "ఓ, వేలు బాబువా?" అని నవ్వాడు.

గిన్నెలు చూపించమని అడిగాను. చుట్టూ పాతిక మంది దాకా చేరారు, అందరూ పశువులకి వచ్చినవాళ్ళే. మావాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి "నీకు అన్నీ తెలుసు కదా, ఉండ ఎక్కడుందో నువ్వే సెప్పు" అన్నాడు. మధ్య గిన్నె అన్నాడు వీడు, ఖాళీ. కుడిది, ఖాళీ. ఎడమది, రెండున్నాయి. మూడు అంగుళాల దూరంలో కూర్చుని వీడు కళ్ళార్పకుండా చూస్తున్నాడు, నేను నిలబడి చూస్తున్నాను, ఇద్దరికీ ఏమీ కనబడలేదు. పావుగంట ఆడించి, చివర్లో మూడు గిన్నెలూ ఎత్తితే ఒక్కోదాని కింద ఒక్కో నిమ్మకాయ. గిన్నెలో ఇరుక్కుపోయేంత కాయలు. గుడ్డ ఉండేమో మావాడి చొక్కా జేబులో ఉంది. ఒకాయన గిత్తని వదిలేశాడు నవ్వుతూ, అది టీ బడ్డీ వైపు పోయింది.

అయ్యాక టీ తాగుతూ అడిగాను, తోలేళ్ళ రోజు ఇవెందుకు ఆడలేదు తాతా అని. "గిన్నెలకి పావుగంట కావాల బాబూ. పండగ జనం నిలబడరు. రుమాలైతే అర నిమిషం, టీవీలో అంతే గదా" అన్నాడు. మరి ఆ ప్లాస్టిక్ వేలు ఎక్కడిది అంటే మనవరాలు సిగ్గుపడిపోయింది. ఆ పిల్లే ఫోన్‌లో చూసి, పక్కింటివాళ్ళ చేత ఆన్‌లైన్‌లో తెప్పించిందట. తాత పాతవే చేస్తున్నాడు, కొత్తది నేర్పిద్దామని. ఆ రోజు జరిగినదానికి ఆ పిల్ల కూడా ఇంటికెళ్ళి ఏడ్చిందట. మావాడు, ఆ పిల్ల కాసేపు ఒకరినొకరు చూసుకుని, తర్వాత వేలు ఎలా తొడిగితే కనబడదో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నా మాట వినేవాళ్ళు లేరు అక్కడ.

పేకముక్క
ఆయన ఎప్పుడు వస్తాడో చెప్పండి, నేను వెళ్ళి కాళ్ళ మీద పడాలి. వీడియో తీశారా?

గంటస్తంభం_గోపి
తీయలేదండీ. ఫోన్ జేబులోనే ఉండిపోయింది. స్కానర్ లేదు, టీ బడ్డీ ఆయనకి ఫోన్‌పే చేసి నోట్లు తీసుకుని ఇచ్చాను. ఒక నిమ్మకాయ మావాడికి ఇచ్చాడు.

కెమెరా_కన్ను
ఆ నిమ్మకాయ ఫొటో అయినా పెట్టండి.

గంటస్తంభం_గోపి
మా ఆవిడ పులిహోరలో పిండేసింది.

పెద్దచెరువు_కప్ప
మాయం చేయడం అంటే అదీ. మేక సంగతి ఇంకా తేలలేదు, ఉద్దానం గారూ, తమ్ముణ్ణి పిలవండి.